ఎడమవైపు నిమ్మకాయలు

తాండ్రవలస రిజర్వాయరు పక్కన ఉన్న సర్కారు కారవాన్ క్యాంపులో దిగిన మూడోనాటి పొద్దున్న, నీలాద్రిరావు దంపతుల ఇల్లుబండికి పునాది మొలిచింది. మోకాలెత్తు ఉంది. చక్రాలు సగం దాకా అందులో కూరుకుపోయాయి. సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. ఒక మూల ఏదో కుక్క కాలు వేసి వెళ్ళింది.

క్యాంపు మేనేజరు అసిరినాయుడు టీ గ్లాసు పట్టుకుని వచ్చాడు. పునాది చుట్టూ ఒకసారి తిరిగి, మూలల దగ్గర బొటనవేలితో నొక్కి చూశాడు.

"బాగా వచ్చిందండి. కొందరికి వంకర పోతాది. మీది మూలమట్టం పెట్టి కొట్టినట్టుగుంది. నీళ్ళు మాత్రం బాగా పట్టించండి, ఈ ఎండలకి బీటలిచ్చీగల్దు."

"మేం రేపు బయల్దేరాలండీ," అన్నాడు నీలాద్రిరావు. "ధనుష్కోటి వెళ్ళాలి."

"వెళ్దురు గానండి. గోడలు లేవనీండి ముందు," అని అసిరినాయుడు టీ తాగుతూ ఆఫీసు గదికి వెళ్ళిపోయాడు.

పునాది చూడగానే నీలాద్రిరావుకు మొదట భయం వేసింది. ఆ వెనకే, ఇక ఎక్కడికీ వెళ్ళక్కర్లేదేమోనని ఒంట్లో ఎక్కడో చిన్న ఊరట కూడా కలిగింది. ఆ ఊరట చూసుకుని ఆయన మరీ భయపడ్డాడు. భార్య ఎక్కడ కనిపెట్టేస్తుందోనని ముఖం దిగాలుగా పెట్టుకుని నిలబడ్డాడు.

ఆవిడ పేరు వకుళ. విజయనగరంలో ఒక ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం మొదలుపెట్టిన దగ్గర్నుంచి రిటైరయ్యేదాకా పిల్లలకి లెక్కలు చెప్పింది. క్లాసు గోడకి దేశపటం ఒకటి వేలాడుతుండేది. పిల్లలు తలలు వంచుకుని లెక్కలు చేసుకుంటున్నంతసేపూ ఆవిడకు చూడ్డానికి అదొక్కటే ఉండేది. ఆ పటం అడుగున, నేల సన్నబడి సన్నబడి నీళ్ళల్లోకి పోయే చోట ధనుష్కోటి అని చిన్న అక్షరాలతో రాసి ఉండేది. నేల అయిపోయే చోటు ఎలా ఉంటుందో వెళ్ళి చూడాలని ఆవిడ కోరిక. పెళ్ళయిన దగ్గర్నుంచీ భర్తతో చెబుతూనే ఉంది. ఆయన కాదన్న పాపాన పోలేదు. ప్రతిసారీ తర్వాత వెళ్దాం అన్నాడు.

నీలాద్రిరావు చెడ్డవాడేం కాదు. గ్యాసు కట్టేశానో లేదోనని వీధి మలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చే రకం మనిషి. తాళం మూడుసార్లు లాగి చూస్తాడు, ఆ తర్వాత తాళంచెవి జేబులో ఉందో లేదో చూసుకుంటాడు. పెళ్ళయిన కొత్తలో భార్యను సినిమాకు తీసుకెళ్ళి, ఇంటర్వెల్లో ఇంటికొచ్చి పొయ్యి చూసుకుని, మళ్ళీ వెళ్ళేసరికి జనం బయటికి వస్తున్నారు. ఆయనకు తను చూసిన సినిమాలన్నిటికీ సగం కథే తెలుసు.

అందుకే రిటైరయ్యాక వకుళ బాగా ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టింది. ఇల్లే వెంట వస్తే వెనక్కి వెళ్ళి చూసుకోవలసింది ఏమీ ఉండదు. ఫ్లాటు అమ్మి, ఆరు చక్రాల పెద్ద కారవాన్ కొన్నారు. పొయ్యి, మంచాలు, బాత్రూము అన్నీ అందులోనే. నడపడానికి ఎవర్నో పెట్టుకుందామని ఆయన అంటే, ఆవిడ వెళ్ళి హెవీ లైసెన్సు తెచ్చుకుంది. కుడివైపు సీట్లో ఆవిడ కూర్చుని స్టీరింగు పట్టుకుంటే, ఎడమవైపు సీట్లో ఆయన కూర్చుని, మలుపు వచ్చినప్పుడల్లా కుడికాలితో లేని బ్రేకు నొక్కుతూ "మెల్లగా" అనేవాడు. విజయనగరం నుంచి తాండ్రవలస దాకా ఇంకో మాట అన్నట్టు లేదు.

ఈ క్యాంపు కూడా ఆయన ఎంచుకున్నదే. గేటు దగ్గర, లావుపాటి ఇనప స్తంభం మీద పెద్ద బోర్డు ఉంది: ‘పెద్ద ఇల్లుబండ్ల ప్రయాణికులు రాష్ట్రంలో అన్నిటికన్నా ఇష్టపడే క్యాంపు. వరుసగా ఎనిమిదో ఏడు.’ అంత పెద్ద బండి తిరగడానికి చోటుంది, కరెంటు ప్లగ్గుంది, మంచినీళ్ళ కుళాయి ఉంది, ఎదురుగా రిజర్వాయరు నిండుగా ఉంది. జనం ఒక క్యాంపును ఇష్టపడ్డారని ఎలా తెలుస్తుందని ఎవరికైనా అనుమానం రావచ్చు. క్యాంపుల శాఖ దగ్గర దానికి ఒకటే కొలత ఉంది. వచ్చినవాళ్ళు వెళ్ళకపోతే ఇష్టపడ్డట్టు. తాండ్రవలసను మించిన ఇష్టం ఇంకెక్కడా నమోదు కాలేదు.

పక్క స్థలంలో గవరయ్య అనే ఆసామీ ఉండేవాడు. రెండు పూటలుండి పోదామని భార్యతో సహా వచ్చినవాడే. ఇప్పుడు ఆయనది డాబా ఇల్లు, మీద వాటర్ ట్యాంకు. కాకపోతే ఇంటికి కుడివైపు గోడ తర్వాత ఎప్పుడో కట్టినట్టు ఉంటుంది. సున్నం లేదు, ఇటుకలు బయటికి కనిపిస్తుంటాయి. మీ ఆవిడేరి అని వకుళ మర్యాదకి అడిగితే, "ప్రయాణంలో ఉందమ్మా," అన్నాడు. సాయంత్రమయ్యేసరికి ఆయన అరుగు మీద కూర్చుని నీళ్ళకేసి చూస్తూ, ఉండుండి కుడికాలు నేలకేసి గట్టిగా నొక్కేవాడు. ఏ తిమ్మిరో ఉండి ఉంటుందని నీలాద్రిరావు జాలిపడ్డాడు.

పునాది మొలిచిన రోజు మధ్యాహ్నం దంపతులిద్దరూ ఆఫీసు గదికి వెళ్ళారు. అసిరినాయుడు కుర్చీలు వేసి, ఫ్యాను వాళ్ళకేసి తిప్పాడు.

"బండి కొన్నాక చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించారా?" అని అడిగాడు.

"తొక్కించాం," అంది వకుళ. "కొబ్బరికాయ కూడా కొట్టించాం."

"మంచిది. మరి పాలు?"

వకుళ భర్తకేసి చూసింది. ఆయన తన చెప్పులకేసి చూసుకున్నాడు.

క్యాంపులో దిగిన సాయంత్రం జరిగిన సంగతి అది. పాలు పొంగించకుండా కొత్త ఇంట్లో ఎలా పడుకుంటామని నీలాద్రిరావు పట్టుబట్టాడు. ఇది బండి కదండీ అని వకుళ అంటే, పడుకునేది ఇంట్లోనే కదా అన్నాడు. తూర్పుకేసి పొయ్యి తిప్పి, కొత్త గిన్నెలో పాలు కాచాడు. లక్షణంగా పొంగాయి. గవరయ్యను పిలిచి పరమాన్నం కూడా పెట్టాడు. ఆయన గిన్నె ఖాళీ చేసి, "శుభం, ఇంక బెంగలేదు," అని దీవించి వెళ్ళాడు.

"అదేనండి వచ్చిన చిక్కు," అన్నాడు అసిరినాయుడు. "నిమ్మకాయలు తొక్కిస్తే బండి. పాలు పొంగితే ఇల్లు. రెండూ చేస్తే, ఆఖర్న ఏది చేశారో అదే చెల్లుతాది. గుమ్మం కూడా రేపో ఎల్లుండో లేస్తాది, తలకి తగలకుండా చూసుకోండి."

"మళ్ళీ నిమ్మకాయలు తొక్కిస్తే?" అంది వకుళ వెంటనే. "అప్పుడు అదే ఆఖరిది అవుతుంది కదా. మళ్ళీ బండి అవ్వాలి."

ఈ లెక్కకు అసిరినాయుడు మెచ్చుకోలుగా తలాడించాడు. "అవుతాదమ్మా. రూలు ఉంది. కాకపోతే బండే తనంతట తాను ఎక్కి తొక్కాల. వెనకనుంచి నెట్టొచ్చు గానీ, మనం కాళ్ళతో తొక్కీస్తే చెల్లదు. నిమ్మకాయలు కూడా మా హెడ్డాఫీసు నుంచి రావాల. ఊళ్ళో కొన్నవి పనికిరావు. ఒక వారం పడతాది."

"ఇంతకుముందు ఎవరైనా తొక్కించారా?"

"అందరూ ప్రయత్నం చేస్తారమ్మా," అన్నాడు అసిరినాయుడు. నిమ్మకాయల కోసం కబురు పంపాడు.

ఆ వారంలో బండి తన పని తాను చేసుకుపోయింది. మెట్లు వచ్చాయి. నంబరు ప్లేటు మీద రెండక్షరాలు చెరిగిపోయి డోరు నంబరుగా కుదురుకుంది. ఎడమవైపు అద్దం నడవాలోకి తిరిగి, గడ్డం గీసుకోవడానికి వీలుగా ఆగింది. నీలాద్రిరావు కూర్చునే సీటు కింద కొంచెం కొంచెంగా అరుగు పెరగసాగింది. వకుళ మాత్రం రోజూ స్టీరింగు దగ్గర కూర్చుని ఇంజను స్టార్టు చేసేది. చేతి కింద అది వణుకుతున్నంతసేపూ ఆవిడ ముఖంలో వెలుగుండేది. ఇంకా బతికే ఉందండీ అని కేకేసి చెప్పేది. ఆ కేక విన్నప్పుడల్లా నీలాద్రిరావు లేచి వెళ్ళి తలుపు గడియ చూసుకునేవాడు. ఆవిడ అంతగా ఆశపడుతున్న దాని గురించి తను అంతగా భయపడుతున్నందుకు సిగ్గు కూడా వేసేది.

ఇక పునాది సంగతి. అది వద్దని దేవుడికి మొక్కుకున్నవాడే నీలాద్రిరావు. అయినా కళ్ళముందు పచ్చి సిమెంటు ఎండలో ఎండుతుంటే చూస్తూ ఊరుకోవడం ఆయన వల్ల కాలేదు. వకుళ పొద్దున్నే గట్టు మీద నడవడానికి వెళ్ళగానే బక్కెటు తీసేవాడు. కుళాయి ఎడమవైపు ఉంది కాబట్టి ఎడమవైపు బాగా తడిసేది. కుడివైపు వెళ్ళేసరికి నడుం నొప్పి వచ్చేది. గోనెపట్టాలు కూడా తడిపి కప్పాడు. ఒకరోజు వకుళ తొందరగా తిరిగొచ్చి చూసింది.

"అది గట్టిపడితే మనం ఎలా కదుల్తామండీ?"

"కదిలేదాకా అయినా బీటలివ్వకుండా ఉండాలి కదా," అన్నాడు ఆయన.

వకుళ ఆయన చేతిలో బక్కెటుకేసి, ఆయన ముఖంకేసి చూసి, లోపలికి వెళ్ళి ఇంజను స్టార్టు చేసింది. నాలుగు తిట్టి ఉంటే ఆయనకు కొంచెం నయంగా ఉండేది.

నిమ్మకాయలు వచ్చాయి. ఒక్కోదాని మీదా శాఖ ముద్ర ఉంది. గోరువెచ్చటి పొద్దుటి వేళ అసిరినాయుడు వాటిని చక్రాల ముందు, పునాదికి గాట్లు పెట్టి స్వయంగా అమర్చాడు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళంతా నెట్టడానికి వచ్చారు. ఇలాంటివాటికి అలవాటుపడ్డ మనుషులు, ఎవరి చోట్లో వాళ్ళు నిలబడ్డారు. గవరయ్య పంచె ఎగ్గట్టి వెనక ఎడమమూలకు చెయ్యి వేశాడు. జానెడు కదిలితే చాలు. వకుళ స్టీరింగు ముందు కూర్చుని, కొంగు నడుముకు దోపుకుంది. అంత సంతోషంగా ఆవిడ కనిపించి ఎన్నేళ్ళయిందో నీలాద్రిరావుకు గుర్తు రాలేదు.

ఇంజను గట్టిగా ఏడ్చింది. జనం ఐలెస్సా అని నెట్టారు. ముందు ఏమీ జరగలేదు. తర్వాత ఎక్కడో లోపల్నుంచి పెళుసుగా ఒక చప్పుడు వినిపించి, బండి కుడివైపు లేచింది. కుడిపక్క పునాది పొడవునా చీలిక పాకుతూ వచ్చింది. చక్రాలు పైకెక్కాయి. కుడివైపు నిమ్మకాయలు చితికి రసం కారింది. ఎడమవైపు కూడా కదలబోయింది. తను తడిపి, పట్టాలు కప్పి కాపాడిన ఆ సిమెంటు మీద వెంట్రుకవాసి గీత ఒకటి పడటం నీలాద్రిరావు కళ్ళారా చూశాడు.

"ఆగు! మెల్లగా! బీటలిస్తోంది!" అని గొంతు చించుకుని అరిచాడు.

వకుళ కాలు బ్రేకు మీద పడింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆ గొంతు వినగానే ఆగడం ఆవిడకి అలవాటైపోయింది. బండి ఆగింది. జనం చేతులు దులుపుకున్నారు. ఎడమవైపు నిమ్మకాయలు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

ఆవిడ దిగి వచ్చి వాటిని వంగి చూసింది.

"మీరు అరిచారు," అంది.

"బీటలిస్తోంది వకుళా. నీకు కనబడలేదు. నాకు కనిపించింది."

"ఇవ్వాలనే కదండీ ఇంతమందిమి నెట్టాం."

నీలాద్రిరావు వంగి ఆ గీతను బొటనవేలితో తడిమి చూశాడు. అక్కడే మెట్టు మీద కూర్చున్నాడు.

అసిరినాయుడు బండి చుట్టూ తిరిగి చూసి, తేల్చి చెప్పాడు. కుడివైపు చక్రాలు నిమ్మకాయలు తొక్కాయి కాబట్టి కుడిసగం బండి. ఎడమవైపు తొక్కలేదు కాబట్టి ఎడమసగం ఇల్లు. ఇందులో వింతేమీ లేదనీ, తాండ్రవలసలో ఎక్కువ కేసులు ఇలాగే తేలుతాయనీ, ఒక్కోసారి కుడిసగంలో భర్త వెళ్తాడనీ, ఒక్కోసారి భార్య వెళ్తుందనీ అన్నాడు. కోతమిషనుతో మనుషులు వచ్చారు. భోజనాల వేళకి నడిమధ్యన శుభ్రంగా కోసేశారు. పొయ్యి, గ్యాసు సిలిండరు ఎడమసగంలో ఉండిపోయాయి. స్టీరింగు, ఒక మంచం, మంచినీళ్ళ డ్రమ్ము కుడిసగానికి వచ్చాయి.

"అన్ని చక్రాలూ ఒకే వరసలో ఉంటే అది ఎలా నిలబడుతుందండీ?" అన్నాడు నీలాద్రిరావు.

"నడిచినంతసేపూ నిలబడతాదండి. ఆగితేనే పడిపోతాది," అన్నాడు అసిరినాయుడు.

కాబట్టి వకుళ తన సగాన్ని గేటు దగ్గర ఆ బోర్డు స్తంభానికి ఆనించి, ఇంజను నడుస్తుండగానే దిగి వెనక్కి వచ్చింది. ముఖం కడుక్కుని, జడ అల్లుకుని, చీర మార్చుకుంది. నీలాద్రిరావు కూర్చునే సీటు అప్పటికి పూర్తిగా అరుగైపోయింది. దాని మీదే ఆయన కూర్చుని ఉన్నాడు.

"నా సీటు వెనకాల స్టూలు వేశాను," అంది ఆవిడ. "ఇరుగ్గానే ఉంటుంది. ఒక పక్కంతా గాలి కొడుతుంది. వస్తారా?"

"ఎందుకు రాను? వస్తాను," అన్నాడు నీలాద్రిరావు. మనస్ఫూర్తిగానే అన్నాడు. కళ్ళల్లో నీళ్ళు కూడా తిరిగాయి. లేచి చెప్పులేసుకున్నాడు. మెట్లు దిగాడు. గేటుకేసి నాలుగడుగులు వేసి ఆగాడు.

"ఒక్క నిమిషం. గ్యాసు చూసొస్తాను."

"ఇల్లు వెంట వస్తోందనే కదండీ బయల్దేరాం."

"ఇప్పుడు రావడం లేదు కదా. ఇక్కడే ఉంటుంది. అందుకే," అన్నాడు ఆయన.

అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. వకుళ వెళ్ళి స్టీరింగు ముందు కూర్చుంది.

గ్యాసు కట్టే ఉంది. నీలాద్రిరావు తలుపు వేసి, తాళం వేసి, మూడుసార్లు లాగి చూశాడు. వెనకవైపు కిటికీ గుర్తొచ్చింది. ఆ కిటికీ పొద్దుటికి లేదు, ఇప్పుడే వచ్చింది, దాని గడియ ఎలా ఉందో చూడలేదు. తాళం తీసి లోపలికి వెళ్ళి ఆ గడియ వేశాడు. కిటికీ పక్కన గది ఒకటి కొత్తగా కనిపించింది. అందులో కుళాయి కారుతోంది. గేటు దగ్గర హారన్ మోగింది. వస్తున్నా అని కేకేశాడు. కుళాయి కట్టాక, దాని వెనక ఇంకో తలుపు ఉందని తెలిసింది. ఆ తలుపు ఎటు తెరుచుకుంటుందో తెలియకుండా ఇల్లు వదిలి ఎలా వెళ్తాడు? హారన్ మళ్ళీ మోగింది. వస్తున్నా వస్తున్నా అంటూ ఆ తలుపు వేసి, తాళం దాకా వచ్చి, గ్యాసు చూసింది ఇందాకా, పొద్దున్నా అని అనుమానం వచ్చి మళ్ళీ లోపలికి వెళ్ళాడు. ఆవిడ చాలాసేపే ఆగింది. క్యాంపులో అంతసేపు ఎవరూ ఆగలేదని తర్వాత అసిరినాయుడు కూడా ఒప్పుకున్నాడు.

ఆయన బయటికి వచ్చేసరికి స్తంభం మీద రంగు గీసుకుపోయిన గుర్తుంది. గట్టు రోడ్డు మీద సగం బండి నిటారుగా, మలుపు తిరుగుతూ, చిన్నదైపోతూ కనిపించింది. తెరిచి ఉన్న పక్క నుంచి వకుళ చీరకొంగు ఎగురుతోంది. ఆవిడ తలతిప్పి చూసిందో లేదో అంత దూరం నుంచి తెలియలేదు. పరిగెత్తితే అందుకోగలడేమో. ఇంటికి తాళం వేయలేదని అప్పుడే గుర్తొచ్చింది.

మర్నాడు గవరయ్య దగ్గరుండి నీలాద్రిరావు ఇంటికి కుడివైపు గోడ కట్టించాడు. సున్నం ఇప్పుడే వద్దు, ఎలాగూ ఆరాలి అన్నాడు. ఆ ఏడు లెక్కల్లో నీలాద్రిరావు కుటుంబం తాండ్రవలసను ఇష్టపడ్డట్టుగా నమోదైంది. సగమైనా శాఖకు అభ్యంతరం లేదు. బోర్డు మీద తొమ్మిదో ఏడు అని మార్చారు.

వానలు మొదలయ్యాక ఒకనాటి సాయంత్రం వకుళ ఫోను చేసింది. గాలి హోరులో మాట సరిగా వినిపించలేదు.

"నేల అయిపోయిందండీ," అంది. "రెండు పక్కలా నీళ్ళే. ముందూ నీళ్ళే. మీరు చూడాలి. నేను ఇక్కడే చుట్టూ తిరుగుతూ ఉంటాను, ఆగడానికి లేదు కదా. రైలెక్కి వచ్చెయ్యండి."

"వస్తాను," అన్నాడు నీలాద్రిరావు. "ఈ వానలు తగ్గనీ. తర్వాత..."

ఆయన ఆ మాట అంటుండగానే అరుగుకు ఇంకో మెట్టు వచ్చింది. "అలాగేనండీ," అని ఆవిడ పెట్టేసింది.

ఎదురుగా రిజర్వాయరు మీద వాన వెలిసింది. వరసలో ఉన్న ఇళ్ళన్నిటి అరుగుల మీదా మనుషులు వచ్చి కూర్చున్నారు. ఎక్కడో ఏ రోడ్డు మీదో ఒక మలుపు వచ్చి ఉంటుంది. అందరి కుడికాళ్ళూ ఒక్కసారే నేలకేసి నొక్కుకున్నాయి. నీలాద్రిరావు కాలు కూడా నొక్కింది. ఆయన కుడివైపుకి, ఇటుక గోడకేసి తిరిగి, "మెల్లగా," అన్నాడు.

గోడ మెల్లగానే ఉంది. జీవితంలో మొదటిసారి తన మాట పూర్తిగా నెగ్గినట్టు ఆయనకు అనిపించింది. ఆ పూట గ్యాసు ఒక్కసారే చూసుకుని, పడుకోగానే నిద్రపోయాడు.